అరకు దారిలో తలలూపే ఆ గడ్డి పంపాస్ కాదు: కొండచీపురును గుర్తుపట్టడం, దాని చోటు, దాని చుట్టూ ఉన్న వాదన

చలికాలం మొదలైందంటే వైజాగ్ వాళ్ల ఫోన్లన్నీ అరకు, లంబసింగి, వంజంగి ఫోటోలతో నిండిపోతాయి. మబ్బుల పక్కన, టీ కొట్టు వెనక, ఒక్కోసారి పెళ్లి ఫోటోల్లో జంట వెనక కూడా, మనిషి కన్నా ఎత్తున కుచ్చులు వేలాడేసుకుని ఒక గడ్డి కనిపిస్తుంది. కింద రాసేది మాత్రం ఎవరికి తోచింది వాళ్లు. ఒకరు పంపాస్ అంటారు, ఒకరు రెల్లు పూలంటారు, ఇంకొకరు వెదురు పూసిందట, కరువొస్తుందట అని ఊరంతటికీ టెన్షన్ పెడతారు. చాలాసార్లు అది ఈ మూడూ కాదు. మనం గదులు ఊడ్చే మెత్తటి చీపురు దేనితో కడతారో ఆ గడ్డే అది, కొండచీపురు.

"చాలాసార్లు" అన్నాను, "ఎప్పుడూ" అనలేదు. అదే దారిలో రెల్లు కూడా ఉంది, వెదురూ ఉంది, పశువుల కోసం వేసిన నేపియర్ కూడా ఉంది. పైగా పేరు తేలినంత మాత్రాన కథ అయిపోదు. ఈ గడ్డి ఒత్తుగా ఉన్న కొండను చూసి "అడవి పోయింది, గడ్డి మిగిలింది" అనేవాళ్లు కొందరు, "కొండను పట్టి ఉంచుతున్నదే ఆ గడ్డి" అనేవాళ్లు కొందరు. ఆ వాదన అర్థం కావాలంటే ముందు మొక్క తెలియాలి, తర్వాత అది నిలబడ్డ చోటు తెలియాలి.

స్థానికం, బహువార్షికం, కొండగడ్డి అంటే ఏమిటి

స్థానిక మొక్క అంటే మనుషులు ఎక్కడి నుంచో తెచ్చి వదలకుండా, తనంతట తాను ఈ ప్రాంతంలో ఉంటూ వచ్చిన జాతి. కొండచీపురు హిమాలయాల దిగువ కొండల నుంచి ఈశాన్య రాష్ట్రాలు, తూర్పు కనుమలు, పడమటి కనుమలు, అటు థాయ్‌లాండ్, దక్షిణ చైనా, న్యూగినీ దాకా సహజంగా పెరుగుతుంది. కాబట్టి మన మన్యంలో ఇది స్థానిక జాతే, అందులో వివాదం లేదు. కానీ జాతి స్థానికం కావడం వేరు, మీరు చూసిన దుబ్బు తనంతట తాను మొలవడం వేరు. ఏజెన్సీలో దీన్ని వాలు భూముల్లో దుబ్బు విడదీసి నాటుకునే రైతులున్నారు, నగరంలో నర్సరీల వాళ్లు ఇదే గడ్డిని టైగర్ గ్రాస్ అని కుండీల్లో పెట్టి అమ్ముతారు. మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ గోడ పక్కన వరసగా నిలబెట్టిన దుబ్బులు కనిపిస్తే జాతి మనదే, మొక్క మాత్రం తోటమాలి పెట్టింది.

బహువార్షికం అంటే ఏళ్ల తరబడి బతికేది. చోడి, అంటే రాగి, ఒక పంటకాలంలో మొలిచి, గింజ పండి, చచ్చిపోతుంది. కొండచీపురు అలా కాదు. పై కాడ ఎండిపోయినా, కోసేసినా, చివరికి కాలిపోయినా నేలలోని దుబ్బు మొదలు బతికే ఉంటుంది, వాన పడగానే కొత్త పిలకలు వేస్తుంది. ఈ ఒక్క లక్షణం గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే నిప్పు గొడవ, కోత గొడవ రెండూ సులువుగా అర్థమవుతాయి.

ఇక కొండగడ్డి అన్న మాటను మరీ బిగించి పట్టుకోకూడదు. ఇది కొండ మీద తప్ప బతకని గడ్డి కాదు, కొండల దిగువన కూడా పెరుగుతుంది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది, మన్యంలో ఎత్తైన శిఖరాల్లో ఒకటైన అర్మకొండ 1,680 మీటర్లు. ఆ కొండల్లో దీనికి కావలసింది ఎత్తు ఒక్కటే కాదు, ఎత్తుతో పాటు దొరికే వాలు, తడి, వెలుతురు. ఈ మూడూ కింద దొరికితే కిందా ఉంటుంది.

శాస్త్రీయ నామం థైసనోలీనా లాటిఫోలియా. పాత పుస్తకాల్లో, కొన్ని నివేదికల్లో థైసనోలీనా మాక్సిమా అని కనిపిస్తుంది, రెండూ ఒకే మొక్క. ఈ మాక్సిమా అన్న పేరు విలియం రాక్స్‌బర్గ్ నుంచి వచ్చింది. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లకముందు మన సామర్లకోటలో ఏళ్లపాటు పనిచేసిన వృక్షశాస్త్రవేత్త ఆయనే. ఆయన దీన్ని అగ్రోస్టిస్ అనే వేరే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) పెట్టాడు, తర్వాతి శాస్త్రవేత్తలు విడదీశారు. ఇప్పుడు థైసనోలీనాలో ఉన్నది ఈ ఒక్క జాతే. గుర్తుపట్టేవాళ్లకు ఇది పెద్ద ఉపకారం: ఆ ప్రజాతి దాకా వచ్చారంటే ఇక లోపల నాలుగు జాతుల మధ్య తల బద్దలు కొట్టుకునే పని లేదు.

కుచ్చు మోసం చేస్తుంది, ఆకు చేయదు

అందరూ ముందు చూసేది కుచ్చునే, పొరపాటు పడేది కూడా అక్కడే. దూరం నుంచి, అందులోనూ ఎండ వెనక నుంచి పడుతుంటే, ఏ పెద్ద గడ్డి కంకైనా తెల్లగా మెరుస్తుంది. ఫోటోలో అయితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే నేను ఆకు దగ్గర మొదలుపెట్టమంటాను.

కొండచీపురు ఆకు సాధారణంగా 3 నుంచి 7 సెంటీమీటర్ల వెడల్పు, 30 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మన చుట్టూ ఉండే గడ్డి జాతుల్లో ఇంత వెడల్పు ఆకు తక్కువ. ఆకు మొదలు తమలపాకు తొడిమ దగ్గర ఉన్నట్టు గుండ్రంగా నొక్కుకుని కాడను హత్తుకుంటుంది, చివరికి పోయేకొద్దీ సన్నగా సూదిలా దిగుతుంది. పైన నునుపుగానే ఉంటుంది, అంచు మాత్రం గరుకు. ఆకు కాడతో కలిసే చోట లోపలి వైపు ఒకటి రెండు మిల్లీమీటర్ల చిన్న పొర ఉంటుంది, చాలా గడ్డి జాతుల్లో కనిపించే వెంట్రుకల వరస ఇక్కడ ఉండదు.

తర్వాత కాడ. ఎత్తు రెండు మూడు మీటర్లు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ. కణుపుల దగ్గర కొమ్మలు రావు. కోసి చూస్తే లోపల గుల్ల ఉండదు, బెండు నిండి ఉంటుంది. వెదురు, కిక్కిస లాంటి వాటికి కాడ గుల్లగా ఉంటుంది కాబట్టి వాటితో తేడా తెలియడానికి ఇది మంచి ఆనవాలు. దుబ్బు కూడా చూడాలి: కాడలు ఒకే మొదలు నుంచి గుంపుగా లేస్తాయి, నేల మీద పాకుతూ దూరదూరంగా మొలవవు.

కంకి చలికాలంలో బయటికొస్తుంది. 30 నుంచి 60 సెంటీమీటర్లు, కొన్ని ఇంకా పెద్దవి. దారాల్లాంటి సన్నటి రెమ్మలు వందలకొద్దీ, వాటి మీద రెండు మిల్లీమీటర్లు కూడా లేని చిన్న చిన్న పూగుత్తులు వేలకొద్దీ. మొదట పచ్చగానో కాస్త ఊదా ఛాయతోనో ఉండి, ముదిరేకొద్దీ ఎండుగడ్డి రంగుకు వస్తుంది. దూది లాంటి తెల్లటి నూగు ఉండదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, రెల్లుతో తేడా తెలిసేది దీనితోనే.

నమూనా కావాలంటే కొండ దాకా వెళ్లనక్కర్లేదు, ఇంట్లో ఉంది. కొత్త కొండచీపురు కొన్నాక కొన్ని రోజులు ఊడ్చిన కొద్దీ అదే పొట్టు రాలుస్తూ ఉంటుంది, అమ్మలు విసుక్కుంటూ దాన్ని గోడకేసి దులుపుతారు కదా, ఆ పొట్టు ఈ గడ్డి పూగుత్తులే. తెల్ల కాగితం మీద దులిపి చూస్తే ఎంత చిన్నవో తెలుస్తుంది. అయితే ఆ చీపురు పాడేరు నుంచే వచ్చిందని అనుకోవద్దు, మేఘాలయ, అస్సాం నుంచి కూడా ఈ సరుకు దేశమంతా తిరుగుతుంది. చీపురును బట్టి జాతి చెప్పొచ్చు, కొండ చెప్పలేం.

ఏది దేనిలా కనిపిస్తుంది

రెల్లు ముందు చెప్పుకోవాలి, గందరగోళంలో పెద్ద వాటా దానిదే. రెల్లు పూసేది వానలు వెనక్కి తగ్గుతూ దసరా ముందు వెనకల్లో, కొండచీపురు కంకి ముదిరి కోతకొచ్చేది సుమారుగా జనవరి నుంచి మార్చి మధ్య. రెల్లు ఆకు సన్నగా, మధ్య ఈనె తెల్లగా ఉంటుంది. కంకి నిండా పట్టులాంటి తెల్ల నూగు, చేత్తో పట్టుకుంటే ఊడి గాల్లో తేలిపోతుంది. ఇష్టపడే చోటు కూడా వేరు, ఏటి ఇసుక, చెరువు గట్టు, ఖాళీ ప్లాట్లు.

కిక్కిస అంటే కొల్లేరు వైపు వాళ్లకు బాగా తెలుసు. ఎత్తు, ఆకు రూపం కొండచీపురుకు దగ్గరగానే అనిపిస్తాయి, కానీ కాడ గుల్ల, కాళ్లు నీళ్లలో. కొండచీపురుకు తడి కావాలి గానీ నిలవ నీరు పడదు. నేపియర్ ఆఫ్రికా గడ్డి, మేత కోసం తెచ్చింది. దాని కంకి రెమ్మలుగా విడిపోదు, గుండ్రటి ఒకే కడ్డీలా నూగుతో నిలబడుతుంది, ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు. పంపాస్ దక్షిణ అమెరికాది. దాని సన్నటి కోసుకుపోయే ఆకులన్నీ నేల దగ్గర గుబురుగా ఉంటాయి, కంకి కాడ మాత్రం వాటిని దాటి పైకి లేస్తుంది. కొండచీపురుకు ఆకులు కాడ పొడవునా ఉంటాయి. అలంకరణ షాపుల్లో ఎండబెట్టి అమ్మేవి చూసి అలవాటైన కళ్లకు ప్రతి కుచ్చూ పంపాస్‌లా కనిపించడం సహజమే.

వెదురు సంగతి వేరు. వెదురు కూడా గడ్డి కుటుంబమే. 1927 నాటి అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో వేసింది, 2017 సవరణతో గానీ అది ఆ లెక్కలోంచి బయటపడలేదు. చాలా వెదురు జాతులు దశాబ్దాలకొకసారి పూసి చచ్చిపోతాయి, కరువు నమ్మకం దాని చుట్టూ అల్లుకున్నదే. కొండచీపురు ఏటా పూస్తుంది, పూసినా బతుకుతుంది. కాబట్టి ఆ ఫోటో చూసి ఎవరూ బియ్యం నిలవ చేసుకోనక్కర్లేదు. చెక్కలా గట్టిపడిన కాడ, కణుపుల దగ్గర కొమ్మలు ఉంటే వెదురు.

ఇంకొకటి, మైదానాల్లో చీపురుగడ్డి అని పిలిచే మొక్క ఉంది, దాని శాస్త్రీయ నామం అరిస్టిడా. మెట్ట నేలల్లో మోకాలెత్తున సన్నటి పుల్లలుగా పెరుగుతుంది, దాంతోనూ చీపుర్లు కడతారు. పేరు ఒకటే వినిపించినా కొండచీపురుకు దానికి దగ్గరి చుట్టరికం లేదు.

గెడ్డ ఒడ్డు, రోడ్డు కోత, వదిలేసిన పోడు

మన కొండలు చాలావరకు ఖోండలైట్ రాయి. ఖోండు ఆదివాసుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరు పెట్టారు. గాలికి, వానకు అది మెత్తబడి ఎర్రమట్టిగా, పెళ్లలుగా జారుతుంది. అనంతగిరి ఘాట్‌లో రోడ్డు కోసిన గోడల్ని చూసినవాళ్లకు ఇది తెలుసు. వానకు నీరు ఆగకుండా జారిపోవాలి, అయినా లోపల చెమ్మ మిగలాలి, పైన ఎండ తగలాలి: కొండచీపురు కోరుకునే నేల అదే. అందుకే గెడ్డల (కొండవాగుల) ఒడ్డున, లోయ మడతల్లో, అడవి అంచున, రోడ్డుకో రైలు పట్టాలకో కోసిన వాలు మీద, పోడు చేసి వదిలేసిన చెలకల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అరకు వెళ్లే రైల్లో సిమిలిగూడ దగ్గర, అంటే వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో, పట్టాల పక్క వాలుల మీద ఇలాంటి చోట్లు వరసగా వస్తాయి.

దట్టమైన నీడలో ఇది నీరసపడుతుంది. సముద్రం వైపు పొడి కొండల మీద, బండ తేలిన చోట, అక్కడ వేరే గడ్డిదే రాజ్యం. విశాఖ పక్కనున్న కంబాలకొండ వైపు నడిస్తే ప్యాంటుకు గుచ్చుకుని ఊడిరాని ముళ్ల గింజల గడ్డి, నడుమెత్తు కూడా రానిది, కొండల మీద పెరుగుతుంది కాబట్టి కొండగడ్డే, కొండచీపురు మాత్రం కాదు.

ఇప్పుడు మూడు ఫోటోలు వచ్చాయనుకోండి. మొదటిది జనవరిలో తీసింది, ఘాట్ రోడ్డు మలుపు, కాలువ పక్క ఎర్రమట్టి వాలు, అరచేతి వెడల్పుకు దగ్గరైన ఆకులు, వంగిన గోధుమరంగు కుచ్చులు. కాలం, చోటు, ఆకు, కంకి నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి, కొండచీపురే. రెండోది అక్టోబర్‌లో భీమిలి దగ్గర గోస్తని ఇసుకలో, వెండిలా తెల్లటి కంకులు, ఆకులు సన్నగా. అది రెల్లు. గోస్తని పుట్టింది అనంతగిరి కొండల్లోనే, అంత మాత్రాన దాని ఒడ్డు గడ్డి అంతా కొండ గడ్డి అయిపోదు, ఏటి పైభాగం వేరు, ఇసుక మేటలు వేరు.

మూడోది కష్టం. జూలై, గెడ్డ పక్క నీడ, కంకి లేదు, వెడల్పు ఆకులు మాత్రమే. కొండచీపురు కావచ్చు, కొమ్మలు వేయని లేత వెదురు కావచ్చు, సెటేరియా పాల్మిఫోలియా అనే తాటాకు మడతల గడ్డి కావచ్చు. ఆకు మీద నిలువునా మడతలు విసనకర్రలో ఉన్నట్టు స్పష్టంగా ఉంటే సెటేరియానే, అది నీడను బాగా తట్టుకుంటుంది కూడా. ఆకు చదునుగా ఉండి, మొదలు గుండ్రంగా కాడను హత్తుకుని, కాడ లోపల బెండు ఉంటే కొండచీపురు. ఫోటోలో ఆకు మొదలు, కాడ రెండూ కనిపించకపోతే పేరు చెప్పకుండా వదిలేయడమే సరైన జవాబు. ఆకు చివర్ల ఫోటో చూసి గట్టిగా పేరు చెప్పేవాళ్లను నేను పెద్దగా నమ్మను.

ఈ గడ్డి ఉంటే కొండ పాడైనట్టేనా

మొదటి వాదన ఇలా సాగుతుంది. మన్యంలో వానలు అడవి పెరగడానికి సరిపడా పడతాయి. చెట్లు నరికి, కాల్చి, పోడు చేసి వదిలేశాక ముందుగా వచ్చే వాటిలో కొండచీపురు ఒకటి. ఏటా వేసవిలో నిప్పు పడితే చెట్ల మొలకలు చస్తాయి, గడ్డి మాత్రం నేలలోని మొదలు నుంచి మళ్లీ లేస్తుంది, అలా అడవి తిరిగి రాకుండా గడ్డే నిలిచిపోతుంది. కాబట్టి గడ్డి పెరిగిందంటే అడవి ఓడిపోయినట్టు లెక్క.

రెండో వాదన వాళ్లు కొట్టిపారేసేది అందులోని వృక్షశాస్త్రాన్ని కాదు, ముగింపును. గడ్డి ఉన్న ప్రతి కొండనూ అడవి పోయిన కొండగా చూడటం, ప్రభుత్వ లెక్కల్లో బంజరు కింద రాసేయడం, దాని మీద ఏదో ఒక చెట్టు నాటితే బాగుచేసినట్టే అనుకోవడం తప్పంటారు. ఉష్ణమండలపు గడ్డి నేలలు మనిషి గొడ్డలి పట్టకముందు లక్షల ఏళ్ల నుంచీ ఉన్నాయి, వాటికి తమవైన పక్షులు, పురుగులు, మొక్కలు ఉన్నాయి. పైగా వాలు మీద మట్టిని పట్టి ఉంచడంలో ఈ దుబ్బుల వేర్లు గట్టివి. నేపాల్‌లో దీన్ని అమ్రిసో అంటారు, రోడ్ల పక్క జారే వాలుల మీద కావాలనే నాటుతారు. చలికాలం చివర మిగతా గడ్డి ఎండిపోయాక దీని ఆకు పచ్చగానే ఉండి పశువులకు మేతవుతుంది.

నా మటుకు నాకు రెండు పక్షాలూ ఒక విషయం కలగలిపేస్తున్నాయనిపిస్తుంది. కొండ నెత్తిన పరుచుకున్న పొట్టి గడ్డి మైదానం వేరు, గెడ్డ పక్క దుబ్బులుగా లేచే కొండచీపురు వేరు. ఇది సహజంగానే అంచుల మొక్క. కొండచరియ విరిగిన చోట, ఏరు కోసిన చోట, పెద్ద చెట్టు పడి వెలుతురు పడిన చోట, మనుషులు లేకపోయినా దానికి చోటు దొరికేది. పోడూ, రోడ్లూ అలాంటి చోట్లను బాగా పెంచాయి. కాబట్టి ఒక్క దుబ్బును చూసి కొండ చరిత్ర చెప్పలేం. గెడ్డ వెంట అక్కడక్కడా ఉంటే అది ఉండాల్సిన చోటే ఉంది. వాలు మొత్తం అదే ఉండి, మధ్యలో కాలిన మోడులు, దున్నిన గట్ల ఆనవాళ్లు కనిపిస్తే అప్పుడు పోడు గురించి మాట్లాడొచ్చు. వరసలు తీరి ఒకే దూరంలో దుబ్బులుంటే అది అడవీ కాదు, బీడూ కాదు, ఎవరిదో పంట.

చీపురు కోత, హక్కు, దుబ్బు ఆయుష్షు

పంట అన్నాక డబ్బు వస్తుంది. గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అంటారు, 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైంది, ఆదివాసుల దగ్గర కొనే అటవీ ఫలసాయాల్లో కొండచీపురు కూడా ఉంది. వారపు సంతల్లో ప్రైవేటు వర్తకులూ కొంటారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం కలప కాని, మొక్కల నుంచి వచ్చే అడవి ఉత్పత్తులన్నీ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కిందికే వస్తాయి, వాటిని సంప్రదాయంగా సేకరించేవాళ్లకు సేకరించే, అమ్ముకునే హక్కు ఉంటుంది. అందుకే ఇది "కలుపు" అనో "బీడు గడ్డి" అనో ఎవరైనా తేలిగ్గా రాస్తే అక్కడివాళ్లకు మండుతుంది.

కోతలో రెండు పద్ధతులున్నాయి. కంకి కాడను చేత్తో లాగేస్తే పని తొందరగా అవుతుంది, పొడవు కూడా ఎక్కువ వస్తుంది, కానీ మెత్తటి నేలలో దుబ్బు కదిలి వేరుతో సహా ఊడే ప్రమాదం ఉంది. కొడవలితో కోస్తే దుబ్బు భద్రం, పని నిదానం. ముందే తొందరపడి పచ్చి కంకి తెస్తే చీపురు నిలవదు, మరీ ముదిరితే పూగుత్తులన్నీ రాలిపోతాయి. అడవిలో ఎవరు ముందు వెళ్తే వాళ్లదే అయినప్పుడు పచ్చిగానే కోసే తొందర ఎక్కువ, సొంత చెలకలో ఆగి కోసుకోవచ్చు. నాటిన దుబ్బు రెండో ఏడు నుంచి బాగా కంకి ఇస్తుంది, నాలుగైదేళ్లకు దిగుబడి తగ్గుతుంది, అప్పుడు తవ్వి, విడదీసి కొత్తచోట పెట్టుకుంటారు.

ఈ లెక్కలన్నిటినీ ఇప్పుడు కాఫీ మార్చేస్తోంది. కాఫీకి నీడ కోసం ఏజెన్సీ అంతటా ఆస్ట్రేలియా చెట్టు సిల్వర్ ఓక్ వేశారు, మిరియాల తీగ దాని మీదికే ఎక్కిస్తారు. ఆ చెట్లు ఎదిగి పైన కమ్ముకునేకొద్దీ కింద ఉన్న కొండచీపురు దుబ్బులు పలచబడతాయి, కొన్ని కంకి వేయడం మానేసి ఆకుతోనే బతుకుతాయి. కాఫీ తోట అంచున అలాంటి దుబ్బు కనిపిస్తే కుచ్చు కోసం వెతకొద్దు. ఆకు మొదలు, కాడలోని బెండు చూసే గుర్తుపట్టాలి.